గాసి నడిచిన ఊరేగింపు

మా మేడవలస దసరా దీపాల ఊరేగింపు గురించి ఎవరైనా గొప్పగా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కోట వీధిలో మా అరుగు మీద కూర్చుని ఇరవై ఏళ్లకు పైగా చూసినవాణ్ణి. చూశానని అనుకున్నవాణ్ణి అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. చెప్పబోయేది గాసి సంగతి. ఇందులో నా తప్పూ ఉంది. మాటల సందడిలో దాన్ని ఎక్కడో నొక్కేస్తానేమోనన్న భయంతో ముందే చెప్పేస్తున్నాను.

మేడవలస కొండల కింద ఊరు. సాలూరు సంతకు బండి కడితే ఒక పగలు ప్రయాణం. ఊళ్లో కోట, కోటలో జమీందారు, జమీందారు పెట్టిన బడి, ఆ బడిలో మేస్టరు నేను. ఏడాది పొడుగునా ఈగలు తోలుకునే ఊరు దసరా వచ్చేసరికి లేచి కూర్చుంటుంది. తొమ్మిది రాత్రులూ వీధి వీధికీ కాగితపు కందీలు కడతారు. విజయదశమి సాయంత్రం కోట గుమ్మం నుంచి దీపాల ఊరేగింపు బయలుదేరుతుంది. పులివేషాలు, తప్పెటగుళ్లు, ఏనుగు మీద అమ్మవారి పటం, దారి పొడుగునా మతాబులు, రెండు వందల దివిటీలు. చుట్టుపక్కల పల్లెల జనం బళ్లు కట్టుకుని వచ్చి, పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుని దుమ్ములో నిలబడతారు.

అన్నిటికంటే ముందు ఒక్క దివిటీ నడుస్తుంది. దాన్ని తొలి దివిటీ అంటారు. దాని నిప్పు ఊళ్లో రాజేసింది కాకూడదు, కొండ మీద కొర్రగుడ నుంచి రావాలి. పూర్వం కోట దొర ఒకరు వేటకు పోయి వానలో చిక్కుకుంటే కొర్రగుడ వాళ్లు నిప్పు వేసి బతికించారట. అప్పట్నుంచి ఏటా వాళ్ల ఊరి దేవత జాకరమ్మ దగ్గర ఆరకుండా కాచే పొయ్యిలోంచి నిప్పు కుండలో దిగి రావాలి. ఆ నిప్పుతో తొలి దివిటీ, తొలి దివిటీతో మిగతావన్నీ వెలగాలి. నిప్పు తెచ్చినవాడే తొలి దివిటీ పట్టుకుని నడవాలి. అందుకని కుండ మోసే ఇంటివాళ్లకు గెడ్డ పక్కన, అంటే కొండవాగు ఒడ్డున, ఐదు కుంచాల విత్తనం పట్టే పల్లం మాన్యంగా ఇచ్చారు. ఒక్క ఏడు నిప్పు తప్పినా పల్లం కోటకు పోతుంది. ఇదీ ఏర్పాటు.

గాసి ఆ ఇంటివాడు. పొట్టి మనిషి. ఊది ఊది బుగ్గలు లోపలికి పోయాయి, పొగకు కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కుడి అరచేతిలో పాత కాలిన మచ్చ ఒకటి. ఇరవై ఏళ్ల వయసులో తండ్రి మోకాళ్లు పట్టేస్తే తను కుండ ఎత్తుకున్నాడు. పెళ్లి, ముగ్గురు పిల్లలు, అందులో ఇద్దరు కొండ జ్వరానికి పోవడం, మిగిలిన కూతురు రత్నను పక్క గూడెంలో ఇవ్వడం, ఇవన్నీ ఒక దసరాకూ మరో దసరాకూ మధ్య జరిగిపోయాయి. మిగతా కొండంతా పోడు కొట్టి సామలు, చోళ్లు పండించుకునేవాళ్లే. గాసి ఇంట్లో మాత్రం ఏడాదికి నాలుగు నెలలు వరి అన్నం ఉండేది. ఆ నాలుగు నెలలూ ఆ పల్లం పుణ్యం.

నిప్పును మోయడం మీరూ నేనూ అనుకున్నంత తేలిక కాదు. కుండ అడుగున బూడిద పరుస్తారు. దాని మీద చండ్ర కర్ర బొగ్గులు, వాటి మీద నిప్పు, మళ్లీ పైన బూడిద. గాలి ఎక్కువైతే మండి అయిపోతుంది, తక్కువైతే చచ్చిపోతుంది. కోసు దూరానికోసారి ఆగి బూడిద కదిపి, నోటితో ఊది, ఎండు పిడక ముక్క వెయ్యాలి. కుండ నేలకు తగలకూడదు, ఆకుల చుట్టకుదురు మీదే దించాలి. కూర్చునే కునుకు తియ్యాలి. రెండు రోజుల దారి అలా దిగి, నవమి సాయంత్రానికి మేడవలస చేరి, మర్నాడు దివిటీ పట్టుకుని నడిచి, ఏకాదశి పొద్దున మా అరుగు దగ్గర మజ్జిగ తాగి వెళ్లేవాడు గాసి. ఇరవై రెండేళ్లు మజ్జిగ పోశానుగాని, నేను అతనితో ఇరవై రెండు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ.

అతను ఒక్క సంగతి మాత్రం రెండు మూడుసార్లు చెప్పాడు. వాళ్ల అయ్య రోజుల్లో ఒక ఏడు గెడ్డ పొంగి నిప్పు ఆలస్యమైంది. ఏనుగును కట్టి, వేషాలు వేసుకుని, జమీందారు సహా ఊరంతా చీకట్లో కూర్చుంది. అర్ధరాత్రికి కుండ వచ్చాకనే ఊరేగింపు కదిలింది.

"మా అయ్య కోసం దొర ఆగినాడు బాబూ," అనేవాడు.

అతని ఆస్తిలో ఐదు కుంచాల పల్లం ఒకటైతే, ఈ మాట రెండోది.

ఇక 1924కి వస్తాను. కొండల్లో పితూరీ అణిగిన ఏడు అది. కొండవాడి చేతిలో నిప్పు కనబడితే ఊరు తగలబెట్టడానికే వస్తున్నాడని అనుకునే రోజులు. సరిగ్గా అప్పుడే మా కోటకు సర్వేశ్వరరావు అనే కొత్త మేనేజరు వచ్చాడు. చదువుకున్నవాడు, పనిమంతుడు. అలాంటివాళ్లతోనే ప్రమాదం. వచ్చిన మూడు నెలల్లో కోట అడవిలో చీటీ లేకుండా ఎవరూ నిప్పు పట్టుకు తిరగకూడదని హుకుం రాయించాడు. విశాఖపట్నం నుంచి ఒక తెల్లదొర ఊరేగింపు చూడడానికి వస్తున్నాడని తెలిసి విజయనగరం నుంచి నలభై గ్యాసులైట్లు తెప్పించాడు. ఒక చేత్తో దీపాలు తెప్పించి ఇంకో చేత్తో నిప్పు ఆపించాడన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. చీటీ సంగతి కొర్రగుడకు ఎవరూ చెప్పలేదు. కోట నుంచి ప్రతి ఏడూ వెళ్లే ముడుల తాడు మాత్రం వెళ్లింది. రోజుకో ముడి విప్పుకుంటూ ఆఖరి ముడి విప్పే రోజుకు ఊరేగింపని వాళ్ల లెక్క.

అష్టమి నాడు పొద్దు వాలుతుండగా గాసి అడవి చౌకీ దగ్గరికి చేరాడు. చౌకీలో గార్డు యర్రయ్య. పదేళ్లుగా ఆ కుండను చూస్తున్నవాడే. ఈ సంభాషణ తర్వాత యర్రయ్యే నాకు చెప్పాడు, చెప్పి సిగ్గుపడ్డాడు.

"ఏటి ఆ కుండ?" అన్నాడట యర్రయ్య.

"నీకు తెల్దేటి గార్డు బాబూ. ఏటేటా ఎల్తన్న కుండే."

"ఏటేటా ఎల్లింది. ఈ ఏడు చీటీ ఉండాల. చీటీ లేకండా నిప్పట్టుకెల్తే కేసు."

"చీటీ ఎవులిత్తారు?"

"కోటలో మేనేజరు బాబు."

"నాను కోటకే గదా ఎల్తన్నాను. ఎల్లి అడుగుతాను."

"నిప్పుతో ఎల్లకూడదు. అది ఇక్కడ పారబోసి, ఎల్లి చీటీ తెచ్చుకో. అప్పుడు నిప్పట్టుకెల్లు."

గాసికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మనకు అర్థం కావడానికి జన్మ చాలదు. నిప్పు కావలసింది కోటకు. అడవి కోటది. ఆపమన్న హుకుం కోటది, ఆపినవాడు కోట జీతగాడు. పైగా అంతకు ముందు రాత్రి వరకూ వాన కురిసి అడవంతా నీరు కారుతోంది. అందులో నిజంగా నిప్పు పెడదామన్నా ఒక ఆకు అంటుకోదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ వరమిచ్చేవాడూ అడ్డుపడేవాడూ ఒకడే అయ్యాడు.

యర్రయ్య చెడ్డవాడు కాదు. తేనె పట్టు కొట్టేవాణ్ణి కాగడాతో పోనిచ్చాడని అంతకు ముందు నెలలోనే పక్క చౌకీ గార్డుకు ఉద్యోగం ఊడింది. యర్రయ్యకు నలుగురు పిల్లలు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి గాసి చేతిలో పెట్టబోయాడు.

"ఇది తీసుకో. కోట గుమ్మం కాడ గీసి ముట్టించు. నిప్పు నిప్పే గదా. దాని మీద పేరు రాసుంతాదేటి?"

గాసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అగ్గిపెట్టి కోటలో లేదేటి బాబూ? దానికి నానెందుకు?"

యర్రయ్య అగ్గిపెట్టె మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అతని ఉద్యోగం అతనికి ఉంది. గాసి పారబొయ్యనంటే తనే గెడ్డ నీళ్లు తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని కుండలో పోశాడు.

ఇక్కడ ఇంకెవరైనా ఏం చేసేవారు? నేనైతే అగ్గిపెట్టె తీసుకునేవాణ్ణి. మీరూ తీసుకునేవారు. గాసి వెనక్కి తిరిగి కొండ ఎక్కాడు. దారిలో ఒక రాతి కింద తెల్లవార్లూ కూర్చుని, నవమి మధ్యాహ్నానికి తడి బూడిద కుండతో ఇంటికి చేరాడు.

నిప్పు కిందికి దిగినప్పుడు అందులో సగం మోసేవాడి ఇంటి పొయ్యిలో ఉంచడం కొర్రగుడ ఆచారం. మనిషి తిరిగొచ్చేదాకా ఇంటి ఆడది ఆ పొయ్యి ఆరనివ్వకూడదు, ఇల్లు దాటి పోకూడదు. ఇక్కడి నుంచి జరిగింది సోములమ్మ యర్రయ్యకు చెబితే, యర్రయ్య నాకు చెప్పాడు. గాసి భార్య సోములమ్మ గుమ్మంలో కూర్చుని చోడంబలి కాస్తోంది. మొగుడు మూడు రోజుల ముందే కనబడేసరికి లేచి నిలబడింది.

"వొట్టి కుండతో వొచ్చినావేటి?"

గాసి చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పొయ్యిలోంచి పెంకుతో నిప్పులు తీసి, కుండలో కొత్త బూడిద పరిచి సర్దింది.

"సౌకీ లేని దారి లేదేటి?"

"బళ్ల రోడ్డుంది. కొండ సుట్టు తిరిగి పోవాల. రెండున్నర దినాలు."

"తాడుకి ఒక్క ముడే ఉంది."

"పడుకోకండా నడుస్తాను. మా అయ్య కోసం అర్ధరాత్రి దాకా ఆగినారు. నా కోసం తెల్లారే దాకా ఆగరేటి?"

"ఆగకపోతే పల్లం పోద్ది. వరి పొట్ట మీదుంది."

"నిప్పు రాందే ఊరేగింపు కదల్దు."

"అయితే మాటలాడక బేగి ఎల్లు," అని అంబలి ఆనపబుర్రలో పోసి భుజానికి తగిలించింది సోములమ్మ.

రెండున్నర రోజుల దారిని గాసి రెండు రోజులు నిండకుండానే నడిచాడు. నవమి సాయంత్రం వాన అందుకుంది. ఒంటి మీది గొంగళి తీసి కుండకు కప్పి, తను తడుస్తూ నడిచాడు. కుండ వేడి తగ్గుతోందని అనుమానం వచ్చినప్పుడల్లా గుండెకు హత్తుకునేవాడట. ఆ కాలిన బొబ్బలు నేను తర్వాత చూశాను. దశమి సాయంత్రం కొండ చివరి వంపు దగ్గర నిలబడితే కింద మైదానంలో దూరంగా మేడవలస వైపు తెల్లటి వెలుగు కనబడింది. ఎప్పుడూ చూసే ఎర్రటి వెలుగు కాదది. అదేమిటో అతనికి తెలియలేదు. తన కోసం ఊరు దీపాలు పెట్టుకుని ఎదురు చూస్తోందనుకుని ఇంకా జోరుగా నడిచాడు.

ఊరు ఎవరి కోసమూ చూడలేదు. తెల్లదొరకు సాయంత్రం ఆరు గంటలకు ఊరేగింపని చెప్పారు, ఆరింటికి కావాలి. అయిదున్నరకు కొండ నిప్పు రాలేదని సర్వేశ్వరరావుకు ఎవరో చెప్పారు. ఆయన రెండు నిమిషాలు గోళ్లు కొరుక్కుని గుర్రాలశాల పోలయ్యను పిలిపించాడు. పోలయ్య కూడా పొట్టివాడే. వాడికి ఒక గొంగళి కప్పి, తలకు గుడ్డ చుట్టి, ఒక ఖాళీ కుండ పక్కన పెట్టి, దివిటీని అగ్గిపుల్లతో ముట్టించి ముందు నిలబెట్టారు. నలభై గ్యాసులైట్లు బుస్సుమంటూ వెలిగాయి. పగలులా ఉంది. మా ఊరి చరిత్రలో తొలి దివిటీ పట్టుకున్న మనిషి మొహం స్పష్టంగా కనబడగలిగిన మొదటి రాత్రి అది. పోలయ్య మా అరుగు ముందు నుంచి రెండు బారల దూరంలో నడిచిపోయాడు. నేను కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే గాసి కుండతో వీధిలో వచ్చాడు. వీధంతా టపాకాయల కాగితాలు, తొక్కిన అరటి బోదెలు. అతను వాటి మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఈ ఏడు బాగా నడిచావు గాసీ," అన్నాను నేను. "దివిటీ ఒక్కసారి కూడా వంచలేదు."

"నాను ఇప్పుడే వస్తన్నాను బాబూ."

నేను నవ్వాను. జీలుగు కల్లు ఇంకా దిగలేదనుకున్నాను. మజ్జిగ తాగుతావా అని కూడా అడిగాను. ఆ తర్వాత ఎదురింటి నూనె కొట్టు పైడితల్లి నాయుడు గుమ్మంలోకి వచ్చి, రాత్రి నీ దివిటీ వెలుగు బాగుందిరా గాసీ అన్నాడు. నీళ్లకు పోతున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే మాట అన్నారు. గాసి కుండతో కోట వైపు నడిచాడు. అతని కాళ్లు చూశాక నాకు అనుమానం వచ్చింది. రాత్రి పడుకుని లేచిన మనిషి కాళ్లు అలా ఉండవు. మోకాళ్ల దాకా కొండ ఎర్రమట్టి, వేళ్ల మధ్య నెత్తురు.

ఆ పొద్దున నాకూ కోటలో పని ఉంది. తెల్లదొర ముందు మా బడి పిల్లలు స్వాగత పద్యం పాడాలి. పిల్లల్ని వరసగా నిలబెట్టి చూస్తే, గాసి అప్పటికే వసారా మెట్ల కింద ఉన్నాడు, సర్వేశ్వరరావు అతన్ని పక్కకు లాగి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అరవకు. నువ్వొచ్చినట్టే. ఊరంతా చూసింది. నీ పల్లం ఎక్కడికీ పోదు. తలపాగా ఇప్పిస్తాను, పుచ్చుకుని దణ్ణం పెట్టి వెళ్లిపో."

"నాను రాలేదు గదా బాబూ."

"వచ్చావనే కదా చెబుతున్నాను. రాలేదని నువ్వే అంటే రూలు ప్రకారం పల్లం తీసుకోవాలి. అదేనా నీక్కావలసింది?"

గాసి కుండ రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తున్నాడు. అతని మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? పొట్ట మీదున్న వరి ఉండి ఉంటుంది. గుమ్మంలో కూర్చుని పొయ్యి కాస్తున్న సోములమ్మ ఉండి ఉంటుంది. ఒక్క మాట మింగేస్తే చాలు, అన్నీ దక్కుతాయి. మింగుతాడనే నేను అనుకున్నాను. నేనైతే మింగేవాణ్ణి.

తెల్లదొర కాఫీ తాగి వసారాలోకి వచ్చాడు. కొండ మనిషిని చూసి ముచ్చటపడ్డాడు. ఎర్ర తలపాగా పళ్లెంలో తెచ్చారు. సర్వేశ్వరరావు సైగ చేశాడు. గాసి రెండు మెట్లు ఎక్కి, తెల్లదొర మొహంలోకి చూసి గట్టిగా చెప్పాడు.

"రాత్రి నడిసినోడు నాను కాదు దొరబాబూ. నిప్పుని సౌకీకాడ సంపేసినారు. నాను మల్లీ ఎల్లి తెచ్చినాను. ఇదిగో, ఇదీ కొండ నిప్పు. రాత్రి ఎలిగింది అగ్గిపెట్టి నిప్పు."

తెల్లదొర సర్వేశ్వరరావు వైపు తిరిగాడు. సర్వేశ్వరరావు చిరునవ్వుతో ఇంగ్లీషులో చెప్పాడు. దొరవారి ఎదుట దివిటీ పట్టే భాగ్యం కలిగినందుకు ఈ కొండవాడు జన్మజన్మలకూ కృతజ్ఞుడంటున్నాడు, తమ దేవత ఆశీస్సులు దొరవారికి కలగాలని ప్రార్థిస్తున్నాడు అని.

తెల్లదొర సంతోషించి గాసి భుజం తట్టాడు. చప్పట్లు కొట్టారు. మా పిల్లలు కూడా కొట్టారు.

ఆ వసారాలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చినవాళ్లం ఇద్దరమే ఉన్నాం. ఒకడు సర్వేశ్వరరావు, రెండోవాణ్ణి నేను. ఆయన నావైపు ఒక్కసారి చూశాడు. బడికి డబ్బిచ్చేది కోట. ఆ చూపులో ఆ సంగతి అంతా ఉంది. నేను పిల్లల వరస సరిచేసి, స్వాగత పద్యం ఎత్తుకోమన్నాను. కుక్కిన పేనులా ఉండడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పద్యం అయ్యేలోగా తెల్లదొర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పొగ ఎక్కడిదని అడిగాడు. అతని వంట నిప్పు అన్నాడు సర్వేశ్వరరావు. తోటమాలి వచ్చి గాసి చేతిలోంచి కుండ తీసుకుని, పూలమొక్కల పక్కన పెట్టి, మొక్కలకు పోసే నీళ్లు పోశాడు. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. గాసి తలకు ఎవరో ఎర్ర గుడ్డ చుట్టారు.

గుమ్మం దాటాక నేను అతని వెనకాలే వెళ్లాను. ఏం చెప్పడానికి వెళ్లానో నాకే తెలియదు. అతనే ఆగి అడిగాడు.

"బాబూ, తెల్లదొర ఏటన్నాడు?"

"మెచ్చుకున్నాడు," అన్నాను.

"నాను రాలేదంటే మెచ్చుకున్నాడా?"

గాసి తలపాగా విప్పి, మడత పెట్టి నా చేతిలో ఉంచి, బళ్ల రోడ్డు వైపు కాకుండా అడవి దారిన వెళ్లిపోయాడు. ఖాళీ చేతులతో పోయేవాణ్ణి చౌకీలో ఎవరూ ఆపరు.

మరుసటి దసరాకు గాసి దిగలేదు. ముడుల తాడు వెళ్లింది, అయినా దిగలేదు. పల్లం పోతే పోనీ అనుకున్నాడు కాబోలు. అది పోలేదు. ఎందుకు పోతుంది? ఈసారి నేను వీధిలోకి దిగి, మొహం మీద మొహం పెట్టి చూశాను. గొంగళి కప్పుకుని నడిచింది పోలయ్యే. అది గాసి కాదు, పోలయ్య అని పక్కనున్నవాళ్లకు చెప్పాను. మర్నాడు నూనె కొట్టు పైడితల్లి నాయుడికి చెప్పాను. బళ్లో పిల్లలకు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మేస్టారికి కళ్లజోడు మార్చాలన్నారు. ఆ మరుసటి ఏడూ అంతే. నేను చెప్పడం, వాళ్లు నవ్వడం. గొంతు పోయేలా అరిచినా ఒక్కడికీ ఎక్కదు. పండగ రోజున ఆ గోలేమిటని ఇంట్లో నన్నే కసిరారు.

1929 దసరా వెళ్లిన రెండో రోజున యర్రయ్య ఉప్పు కోసం కిందికి దిగి మా అరుగు దగ్గర కూర్చున్నాడు. గాసి ఎలా ఉన్నాడని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"గాసి పోయి మూడేళ్లు దాటింది గదా బాబూ. వానాకాలం జొరం. సోములమ్మ ఒక్కతే ఆ పల్లం దున్నించుకుంతంది."

నేను అలాగే లేచి వీధి దాటి నూనె కొట్టుకు వెళ్లాను. గాసి చనిపోయి మూడేళ్లయిందట అన్నాను. పైడితల్లి నాయుడు నూనె కొలుస్తున్న గిద్ద కూడా కింద పెట్టలేదు.

"అదేటి మేస్టారూ," అన్నాడు, "మొన్న రాత్రి మన ముందునుంచే గదా నడిసినాడు."